చిలక మాట మానేసిన రోజులు

పంతొమ్మిదేళ్ళలో మేస్త్రి చేతి అద్దం షాపుకి తిరిగి రావడం అదే మొదటిసారి.

మాది కళ్ళజోళ్ళ షాపు. ముందు గదిలో నేను కళ్ళు పరీక్ష చేసి చీటీ రాస్తాను. వెనక గదిలో ఆయన ఆ చీటీ చూసి అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడతాడు. ఓనరుగారి దగ్గర్నుంచి కొరియర్ వాళ్ళ దాకా అందరికీ ఆయన మేస్త్రి. నాకు మాత్రం అన్నయ్య. నేను ఉద్యోగంలో చేరిన మొదటివారం చీటీలో ఒక మైనస్ గుర్తు మర్చిపోతే, ఓనరుగారి చెవిన పడకుండా పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి అన్నయ్యే.

ఆ రోజు వచ్చినావిడ ముప్పయ్యేళ్ళు బట్టలు కుట్టి మానేసిన పెద్దావిడ. జోడు కౌంటర్ మీద పెట్టి, "అమ్మాయ్, ఇది పెట్టుకుంటే మా ఇంటి మెట్లు నా మీదికి నడిచొస్తున్నాయి" అంది. చూస్తే కుడి కంటి అద్దం ఎడమకి, ఎడమది కుడికి పడింది. ఇంకొకరయితే ఏదోలే అనుకునేదాన్ని. మేస్త్రి ఒక్కో అద్దాన్ని బిగించాక మూడుసార్లు వెలుగులో పెట్టి చూసే మనిషి.

వెనక గదిలోకి వెళ్ళాను. మెషిన్ తిరుగుతోంది, దాని మీద నీళ్ళు కారుతున్నాయి, అందులో అద్దం లేదు. ఆయన ఒళ్ళో ఫోన్ పెట్టుకుని దానికేసే చూస్తున్నాడు.

"అన్నయ్యా, కుడిదీ ఎడమదీ తారుమారయ్యాయి."

జోడు తీసుకున్నాడు. చూశాడు. వాదించలేదు. "ఇవాళ్టికి నలభై ఒకటో రోజు చెల్లెమ్మా" అన్నాడు.

"దేనికి?"

"చిలక నోరు విప్పక."

చిలక ఆయన కూతురు. పన్నెండేళ్ళు. నాలుగేళ్ళప్పుడు ఆటిజం అని తేల్చారు. చిలక అని ముద్దుపేరు పెట్టింది వాళ్ళమ్మమ్మ, ఊరికే పెట్టలేదు. ఆ పిల్ల సొంతంగా వాక్యం కట్టదు. విన్న వాక్యాల్ని దాచుకుని, అవసరం వచ్చినప్పుడు విన్న గొంతుతో సహా బయటికి తీస్తుంది. ఆకలేస్తే పక్కింటావిడలా "ఏమ్మా, వంటయిందా?" అంటుంది. కోపమొస్తే టీవీలో వార్తలు చదివే ఆవిడలా "పరిస్థితి అదుపు తప్పింది" అని ప్రకటిస్తుంది. సంతోషమైతే వాళ్ళ అపార్ట్‌మెంట్ లిఫ్టు గొంతు: "తలుపులు తెరుచుకుంటున్నాయి." ఇంట్లో మనిషెవరైనా కనబడకపోతే ఫోన్లో వినబడే మాట: "మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు. దయచేసి కాసేపాగి ప్రయత్నించండి."

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాకు నవ్వాగలేదు. అమ్మమ్మ కూడా నాతోపాటు నవ్వింది, నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి పిల్లకి కంచం పెట్టుకొచ్చింది. ఏ మాట ఎందుకు వచ్చిందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఒకసారి చిలక రోజంతా "టికెట్ లేకుండా ప్రయాణించరాదు" అంటూ తిరిగితే, అమ్మా నాన్నా తలలు పట్టుకున్నారు. అమ్మమ్మ వెళ్ళి పిల్ల చెప్పు విప్పి చూసింది. కాలి కింద చిన్న రాయి. ఎప్పుడో బస్సులో రాయి గుచ్చుకున్నప్పుడు ఎదురుగా ఉన్న ఆ బోర్డుని ఎవరో పైకి చదివారట.

వదిన, అంటే మేస్త్రి భార్య, ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పని చేస్తుంది. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ మెషిన్ దగ్గర. పొద్దున్న ఆరింటికి వెళ్తే సాయంత్రం నాలుగవుతుంది వచ్చేసరికి. పిల్లకి స్పెషల్ స్కూల్లో గడిచేవి నాలుగు గంటలు. తక్కిన పగలంతా అమ్మమ్మే.

ఒక సోమవారం మధ్యాహ్నం అమ్మమ్మ చేతిలోంచి గిన్నె జారింది. మూతి ఒక పక్కకి పోయింది. పక్కింటావిడ అంబులెన్స్ పిలిచింది. స్ట్రెచర్ లిఫ్టులో పట్టక మెట్ల మీంచి దించుతుంటే చిలక వాళ్ళ వెనకే దిగింది. బండి వెనక తలుపులు రెండూ మూసుకోవడం, బండి వెళ్ళిపోవడం గేటు దగ్గర నిలబడి చూసింది. మూడో రోజు ఆసుపత్రిలోనే అమ్మమ్మ పోయింది.

అంత్యక్రియలప్పుడు పిల్లని ఏం చెయ్యాలన్న మాట వచ్చింది. తలా ఒక మాట చెప్పారు. "దానికేం అర్థమవుతుంది అన్నయ్యా, జనాన్ని చూసి ఊరికే బెదిరిపోతుంది. రెండ్రోజులు పక్కింట్లో ఉంచండి" అన్నది నేను. ఆ సంగతి దాచి తక్కిన కథ చెప్పడం న్యాయం కాదు. మేస్త్రి తలూపాడు. తల్లి పోయిన వదినని ఎవరూ గట్టిగా అడగలేదు.

చిలక ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ మంచం మడిచి గోడకి ఆనించి ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగింది. అప్పట్నుంచి నాలుగు రోజులు ఒకటే మాట. మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు. అన్నం ముందు, స్నానాల గదిలో, బాల్కనీలో, నిద్రలోంచి లేస్తూ. వచ్చిన చుట్టాలు, "పాపం, టేపు ఇరుక్కుంది" అన్నారు. మేస్త్రి కూడా అలాగే అనుకున్నాడు. అయిదో రోజు ఆ మాట ఆగింది. దాంతోపాటు అన్ని మాటలూ ఆగిపోయాయి.

మాట ఒక్కటే అయితే ఇంత భయపడేవాణ్ణి కాదు అన్నాడు మేస్త్రి. తిండి సగానికి సగం తగ్గింది. ఎడమ మణికట్టు కొరుక్కుంటోంది, అక్కడ చర్మం గట్టిపడి నల్లబడింది. గుమ్మం తలుపు వేస్తే తల బాదుకుంటుంది, తెరిస్తే అక్కడే నిలబడి మెట్లకేసి చూస్తుంది. స్కూలు వాళ్ళు, "కొన్నాళ్ళు ఇంట్లో ఉంచండి, తగ్గాక తీసుకురండి" అన్నారు. ఎక్కడ తగ్గించుకుని తీసుకురావాలో చెప్పలేదు.

అందుకని పక్కింటావిడ రోజూ వదిన వచ్చేదాకా పిల్ల దగ్గర కూర్చుంటోంది. ఆవిడ ఎప్పుడు ఫోన్ చేస్తుందోనని మేస్త్రి ఒళ్ళో ఫోన్ పెట్టుకుని అద్దాలు అరగదీస్తున్నాడు.

"డాక్టరుకి చూపించలేదా?" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఎంతమందికి చూపించానో వేళ్ళు చాలవు చెల్లెమ్మా."

చిన్నప్పట్నుంచి చూస్తున్న పిల్లల డాక్టరు, "ఆటిజంలో ఇవన్నీ మామూలేనండీ, ఎదిగే వయసు కదా" అన్నాడు. నాలుగేళ్ళప్పుడు మాటలు నేర్పిన కేంద్రానికి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి, "ఎనిమిదేళ్ళు దాటితే మా దగ్గర ఉండదు సార్" అంది. మరి ఎక్కడ ఉంటుందని అడిగితే, "అది మాకు తెలీదు సార్" అంది, నిజంగానే బాధగా. ఇంకో డాక్టరు నిద్రకి మందు రాశాడు. ఆ మందుతో చిలక రోజులో పద్దెనిమిది గంటలు పడుకుంది. లేచినప్పుడు మెడ నిలవలేదు, చొంగ కారింది. మూడోరోజు వదిన, "ఏమండీ, ఇది నిద్రపోతే తగ్గింది మనకి. దానికి కాదు" అంది. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళి ఆపించారు.

చివరికి పెద్దాసుపత్రి. అక్కడ ఒకే ఆవరణలో రెండు భవనాలు. ఎడమవైపు మానసిక విభాగం, కుడివైపు పిల్లల ఎదుగుదల విభాగం, మధ్యలో స్కూటర్లు పెట్టుకునే రేకుల షెడ్డు. ఎడమ భవనంలో పిల్లల్ని చూసేది వారానికి ఒక్క రోజు. టోకెన్ కోసం ఏడింటికి నిలబడితే పన్నెండింటికి లోపలికి పిలిచారు. ఒక ఉద్యోగి ప్రశ్నల కాగితం పిల్ల ముందు పెట్టాడు. గత రెండు వారాల్లో నాకు దిగులుగా అనిపించింది: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా. అలాంటివి ఇరవై ఆరు.

మేస్త్రి, "తరచుగా అని పెట్టండి" అన్నాడు.

"మీరు చెప్పకూడదండీ. పాపే చెప్పాలి."

"పాప మాట్లాడటం లేదండీ. అందుకే కదా తీసుకొచ్చాం."

"మరి స్కోరు ఎలా వెయ్యమంటారు?"

"వెయ్యకపోతే ఏమవుతుంది?"

"స్కోరు లేకుండా ఫైలు ముందుకి కదలదండీ" అని ఆ ఉద్యోగి కాగితం తిరగేసి, వెనక బాణం గుర్తు వేసి కుడి భవనం పేరు రాశాడు.

కుడి భవనంలో అంతా విని, "ఉన్నట్టుండి మారిందంటే అది ఆటిజం కాదండీ, మానసికం. ఎడమ పక్క బిల్డింగ్" అన్నారు. అదే కాగితం మీద ఇంకో బాణం. మేస్త్రి మళ్ళీ ఎడమకి వెళ్ళాడు. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ, చదువు అయ్యి ఏడాది కూడా కాలేదేమో, ఓపిగ్గా విన్నదట. విని, "నాకు చూడాలనే ఉందండీ. కానీ ఆటిజం ఉన్న పిల్లల్ని ఇక్కడ చేర్చుకోవడానికి లేదు. కుడి భవనంలో ప్రత్యేక క్లినిక్ ఉంది, దాంట్లో పేరు రాయించండి" అంది. రాయించాడు. పదకొండు నెలల తర్వాతి తేదీ ఇచ్చారు.

"పదకొండు నెలలు" అన్నాడు మేస్త్రి నాతో, మెషిన్ ఆపి. "అది రోజుకి నాలుగు ముద్దలు తింటోంది చెల్లెమ్మా. నేను లెక్కపెడుతున్నాను."

నేను జోడు సరిచేయించి పెద్దావిడని పంపించాను. ఆ మర్నాటి నుంచి ఆయన బిగించిన ప్రతి అద్దాన్నీ ఓనరుగారికి చెప్పకుండా నేను ఇంకోసారి చూస్తూ వచ్చాను. ఇంకో రెండు తప్పులు దొరికాయి.

యాభై ఎనిమిదో రోజున వాళ్ళ వెంట నేనూ వెళ్ళాను. ఎవరైనా తేదీ రద్దు చేసుకుంటే ఆ ఖాళీ ఇస్తారని ఎవరో చెప్పారు. దానికి మనిషి స్వయంగా వచ్చి అడగాలట. వదినకి సెలవు దొరకలేదు. హోటల్ నిండా పెళ్ళివాళ్ళు దిగారు, దుప్పట్లు గుట్టలు పడ్డాయి. పిల్లని ఒక్కడే తీసుకెళ్ళాలంటే మేస్త్రికి ధైర్యం చాలలేదు.

కుడి భవనంలో బల్ల మీద చిలక మా ఇద్దరి మధ్య కూర్చుంది. చిక్కిపోయింది. జడ బాగా బిగించి వేసినా తలకి వదులుగా కనబడింది. గదిలో ఎక్కడో ఒక ట్యూబ్‌లైట్ గుయ్యిమంటోంది, నేనయితే ఆ పిల్ల చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టాకే దాన్ని విన్నాను. ఎదురుగా ఒకాయన, "ఎంత పెద్దపిల్ల, కాస్త అదుపులో పెట్టుకోవచ్చుగా" అని పక్కావిడతో అన్నాడు, మాకు వినబడేలా. మేస్త్రి తలెత్తలేదు. ఇలాంటివి ఏళ్ళ తరబడి విని వంగిన మెడ అది.

ఆయన్ని కౌంటర్ దగ్గరికి పిలిచారు, ఖాళీ ఏదీ లేదని చెప్పడానికి. నేను నా సంచిలో నీళ్ళ సీసా కోసం వంగాను. తలెత్తేసరికి పక్కన ఖాళీ.

ఆ తర్వాత ముప్పావుగంట ఎలా గడిచిందో సరిగ్గా చెప్పలేను. మేస్త్రి ముఖం చూడలేకపోయాను. ఆయన పరిగెత్తుతూ ప్రతి గది తలుపూ తోశాడు. నేను షెడ్డులో ప్రతి స్కూటరు వెనకా చూశాను. గేటు దగ్గర గార్డు, "పాప పేరేంటి, పిలుద్దాం మైకులో" అన్నాడు. పేరు పిలిస్తే రాదండీ అన్నాను. "మరి ఎలా వస్తుంది?" అన్నాడు. గేటు బయట బస్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి, నేను వాటి చక్రాల కేసే చూస్తున్నాను.

అత్యవసర విభాగం వైపు నుంచి ఒక నర్సు చెయ్యెత్తి పిలిచింది. అంబులెన్స్‌లో వచ్చిన రోగిని దించేశారు, బండి కడగడానికని వెనక తలుపులు రెండూ బార్లా తెరిచి పెట్టారు. లోపల బెంచీ మీద చిలక కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ప్రయాణానికి సిద్ధమైనట్టు. మమ్మల్ని చూసి నోరు తెరిచింది.

"తలుపులు తెరుచుకుంటున్నాయి" అంది.

గొంతు బొంగురుపోయింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. మేస్త్రి అంబులెన్స్ మెట్టు మీద కూలబడ్డాడు.

నర్సు నడివయసు మనిషి, చేతులకి రబ్బరు తొడుగులు ఇంకా ఉన్నాయి. "దిగమంటే దిగదు. ఎవరికోసం ఎక్కింది ఈ పాప?" అంది.

"వాళ్ళమ్మమ్మ కోసం" అన్నాడు మేస్త్రి. "ఇలాంటి బండిలోనే వెళ్ళింది ఆవిడ."

"ఎక్కడుందావిడ?"

"పోయిందండీ. రెండు నెలలవుతుంది."

"పాపకి తెలుసా?"

"చెప్పలేదు. అర్థం కాదని."

నర్సు చిలకకేసి చూసింది. "నాకు ఆటిజం గురించి తెలీదయ్యా. కానీ ఈ పిల్ల వెతుకుతోంది. అర్థం కాని మనిషి వెతకదు కదా" అని, తొడుగులు విప్పి బుట్టలో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి ఇంకో రోగి వచ్చాడు.

అందుబాటులో లేరు, కాసేపాగి ప్రయత్నించండి. ఆ మాట నాకు అప్పుడు అర్థమైంది. నాలుగు రోజులు పిల్ల అడిగింది. మేం టేపు ఇరుక్కుందన్నాం. తర్వాత అడగడం మానేసి, కాసేపాగుతూ గుమ్మంలో నిలబడింది.

చిలకని బండి దింపడానికి గంట పట్టింది. కాళ్ళు తన్నింది, మళ్ళీ చెయ్యి కొరుక్కుంది. ఆ గోల విని ఎడమ భవనంలోంచి వచ్చిన వాళ్ళలో ఆ చిన్న డాక్టరమ్మ ఉంది. భోజనానికి వెళ్తోంది, చేతిలో డబ్బా. మేస్త్రిని గుర్తుపట్టింది. షెడ్డు కింద, స్కూటర్ల మధ్య నిలబడి అంతా విన్నది.

"చెప్పాలండీ" అంది. "నిద్రపోయిందనొద్దు, పాపకి నిద్రంటే భయమవుతుంది. దూరం వెళ్ళిందనొద్దు, ఎదురు చూస్తుంది. చనిపోయింది అనే చెప్పండి. శరీరం పనిచెయ్యడం ఆగిపోయింది, ఇక రాదు అని చెప్పండి. ఫోటోలు చూపించండి. ఒక్కసారి కాదు, ఎన్నిసార్లయినా, అవే మాటల్లో."

"మీరు చెప్తారా అమ్మా?" అన్నాడు మేస్త్రి, చేతులు జోడించి.

"పాపకి ఫైలు లేదండీ నా దగ్గర" అని, ఆ మాట తనకే నచ్చనట్టు డబ్బా చేయి మార్చుకుంది. "పాప వాళ్ళమ్మగారు ఎలా ఉన్నారు?" అంది.

మేస్త్రి తెల్లబోయాడు. ఆ ప్రశ్న ఈ రెండు నెలల్లో ఎవరూ అడగలేదు. "ఉంది. పనికెళ్తోంది."

"తల్లి పోయారు కదా ఆవిడకి. ఏడ్చారా?"

"చూడలేదండీ."

"ఆవిణ్ణి తీసుకురండి. ఆవిడ పేరు మీద ఫైలు తెరుస్తాను. పెద్దవాళ్ళకి అడ్డం లేదు. రోగితోపాటు తోడు రావచ్చు, ఆ కాలమ్‌లో పాప పేరు రాస్తాను."

ఆ ఆదివారం వాళ్ళింట్లో నేనూ ఉన్నాను. వదినే రమ్మంది. గోడకి ఆనించిన మంచం దించి వాల్చారు. చిలక వచ్చి దాని మీద కూర్చుంది. వదిన ఫోన్లో అమ్మమ్మ ఫోటోలు తీసింది, ఇంట్లో తీసినవి, ఆసుపత్రిలో తీసినది ఒకటి. డాక్టరమ్మ చెప్పిన మాటలు కాగితం మీద రాసుకుంది. కాగితం చూస్తూ, పాఠం చదువుతున్నట్టు చెప్పింది.

"అమ్మమ్మకి జబ్బు చేసింది. ఆసుపత్రికి వెళ్ళింది. అమ్మమ్మ శరీరం ఆగిపోయింది. అమ్మమ్మ చనిపోయింది. ఇక రాదు."

చిలక ఫోటోలకేసి చూసింది. వదిన మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. మూడోసారి "ఇక రాదు" దగ్గర ఆగిపోయింది. కాగితం చేతిలోంచి జారింది. మనిషి ముందుకి ఒరిగి, మంచం అంచు పట్టుకుని ఏడ్చింది. లాండ్రీలో రోలర్ల చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతు పెద్దది, ఆ ఏడుపుకి పక్కింటి తలుపు తెరుచుకుంది. మేస్త్రి భయపడిపోయాడు. "ఒసేయ్, పిల్ల బెదురుతుందే" అన్నాడు.

పిల్ల బెదరలేదు. తల్లి ముఖాన్ని చాలా దగ్గర్నుంచి, ముక్కు తగిలేంత దగ్గర్నుంచి చూసింది. కన్నీటి మీద వేలు పెట్టి, ఆ వేలికేసి చూసుకుంది.

"అమ్మమ్మ చనిపోయింది. ఇక రాదు" అంది, వదిన గొంతుతోనే, ఏడుపు జీరతో సహా.

తర్వాత మూడు వారాలు అదే మాట. రోజుకి రెండొందలసార్లు, మూడొందలసార్లు. పొద్దున్నే వదిన పనికి వెళ్తుంటే వెనకాలే ఆవిడ ఏడుపు గొంతు వినబడేది. ఆ దారిన లిఫ్టు ఎక్కడానికి వచ్చేవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. ఒకాయన, "పిల్ల చేత అలాంటివి అనిపించకండి, వినలేకపోతున్నాం" అని చెప్పాడు. "మేమూ వినలేకపోతున్నామండీ" అన్నాడు మేస్త్రి. మందు ఏదైనా ఉందా అని చుట్టాలు అడిగారు. చిలక ఆ మాట అంటూ అంటూనే ఒకరోజు ఎనిమిది ముద్దలు తిన్నది. మేస్త్రి షాపుకొచ్చి నాకు అదే మొదటి మాటగా చెప్పాడు. ఎనిమిది, అని వేళ్ళు చూపించాడు.

అంతటితో బాగుపడిపోయిందని చెప్తే అబద్ధం. మణికట్టు కొరుక్కోవడం తగ్గింది, మానలేదు. తలుపు వేస్తే ఇప్పుడు తల బాదుకోదు, కానీ ఎవరు బయటికి వెళ్ళినా కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంటుంది. వాళ్ళొచ్చేదాకా లేవదు. వదినకి పదిహేను రోజులకోసారి డాక్టరమ్మ దగ్గర గంట దొరికేది. ఆ గంటలో అరగంట వదినది, అరగంట తోడు వచ్చిన మనిషిది. వదిన నాతో నవ్వుతూ చెప్పేది, "రోగిని నేను, నన్ను తీసుకెళ్ళేది నా కూతురు. కాగితం మీద అంతే ఉంది" అని. ఆ నవ్వు చూడ్డానికి బాగుండేది.

అయిదు నెలలకి డాక్టరమ్మకి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఫైలు తిరగేసి, "మీకు బాగానే ఉంది కదమ్మా, ఫైలు మూసేద్దాం" అన్నాడు. తోడు వచ్చిన పిల్లని తలెత్తి చూడలేదు. చెప్పబోతే, "ఆటిజం అయితే కుడి బిల్డింగ్" అన్నాడు.

కాబట్టి పదకొండో నెల కోసం ఎదురు చూశారు. తేదీ దగ్గరపడేకొద్దీ మేస్త్రి పనిలో తప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన భయం వింతగా ఉండేది. "ఆ రోజు అది బుద్ధిగా కూర్చుంటే? అంతా బాగానే ఉందిగా అని పంపేస్తే? మళ్ళీ ఎక్కడికి పోవాలి?" అనేవాడు. మరుక్షణమే, "అక్కడ గొడవ చేస్తే? బయటికి తీసుకెళ్ళమంటే?" అనేవాడు. అద్దం వెలుగులో పెట్టి చూస్తూ, చూపు ఎక్కడో పెట్టి, నిమిషాలకి నిమిషాలు అలా ఉండిపోయేవాడు. నేను మెల్లిగా వెళ్ళి అద్దం చేతిలోంచి తీసుకునేదాన్ని.

ఆ రోజు అలాంటివేమీ జరగలేదు. ప్రత్యేక క్లినిక్‌లో ముప్పయి నిమిషాలు చూశారు. మేస్త్రి నాలుగు పేజీలు రాసుకుపోయాడు, ఏ రోజు ఏం తిన్నది, ఏం అన్నది, ఏం కొరికింది. అక్కడి పెద్ద డాక్టరు ఆ పేజీలు పూర్తిగా చదివాడు. "ఇది దుఃఖమేనండీ. ఇలాంటి పిల్లలకీ ఉంటుంది, మనకి చూడ్డం రాదు" అన్నాడు. ఆరు వారాలకోసారి రమ్మన్నాడు. మధ్యలో ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగితే ఒక నంబరు ఇచ్చాడు. ఇప్పటికి మేస్త్రి దానికి నాలుగుసార్లు చేశాడు, ఒకసారి ఎత్తారు.

క్లినిక్ నుంచి వచ్చిన మర్నాడు, షాపు తెరిచాక, ఆయన ముందు గదిలోకి వచ్చి రోగులు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. అలా ఎప్పుడూ కూర్చోడు.

"నిన్న వాళ్ళేమీ అడగలేదు గానీ, వాళ్ళు అడక్కపోయినా ఒకటి ఉంది చెల్లెమ్మా. రేపు నాకూ మీ వదినకీ ఏమైనా అయితే దానికి ఎవరు చెప్తారు?"

నేను, అలాంటి మాటలెందుకు అనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు చెప్తావా?"

"చెప్తాను."

"ఎలా చెప్తావ్? అని చూపించు."

ఆయన ముఖం చూస్తూ ఆయన చనిపోయాడని చెప్పాలి. నాలుగు మాటలు. మొదటి మాట దగ్గరే ఆగి, బల్ల మీది చీటీలు సర్దాను. ఆయన ఓపిగ్గా కూర్చున్నాడు. రెండోసారి సగం దాకా వచ్చాను. అప్పుడే బేరం వస్తే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోతూ, "పర్లేదు, మీ వదిన కూడా మధ్యలో ఆగిపోయింది. చిలక నీకు అలవాటవ్వాలి, నువ్వు దానికి అలవాటవ్వాలి" అన్నాడు.

అప్పట్నుంచి శనివారాలు చిలక షాపుకొస్తోంది. ఓనరుగారు మొదటివారం ముఖం ముడుచుకున్నారు, రెండోవారం తనే స్టూలు వేశారు. ట్యూబ్‌లైట్ మార్పించాను. అమ్మమ్మకి తెలిసినట్టు నాకు తెలీదు కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టాను. ఏ మాట, ఎన్నింటికి, అప్పుడు గదిలో ఏముంది, ఎవరున్నారు. వదిన వారానికోసారి చదివి తనకి తెలిసినవి పక్కన రాస్తుంది. చాలా వాటి పక్కన ప్రశ్న గుర్తులే ఉన్నాయి.

పోయిన శనివారం నేను ఒకాయన కళ్ళు పరీక్ష చేస్తుంటే, వెనకనుంచి అచ్చం నా గొంతుతో, "ఇది బాగుందా, ముందుదే బాగుందా?" అని వినబడింది. కుర్చీలో ఉన్నాయన గబుక్కున "ముందుదే" అన్నాడు. నేను నవ్వాపుకుని నోట్‌బుక్ తీశాను. పదకొండూ ఇరవై. ఫ్యాను తిరుగుతోంది. మేస్త్రి టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. ఆయన వెళ్ళినందుకు అడిగిందో, ఫ్యాను గురించి అడిగిందో, ఊరికే నా మాట బాగుందనుకుందో తెలీలేదు. ముందు వీధిలోకి వెళ్ళి, ఆయన్ని టీ గ్లాసుతో సహా లోపలికి రమ్మన్నాను.